బ్రిక్ లేన్‌లో బందరు అద్దకం

లండనులో చుట్టపుచూపుగా గడిపిన మూడు రోజులలో ఒక పూటను బ్రిక్ లేన్ కోసం అట్టేపెట్టుకున్నాను. పాత నగర ప్రాకారానికి తూర్పున, స్పిటల్‌ఫీల్డ్స్ పేటలోని సన్నని వీధి అది. నేడది కుర్రకారుకు ఫ్యాషను కేంద్రం. గోడల నిండా రంగుల బొమ్మలు, పాతబట్టల దుకాణాలు, కాఫీ అంగళ్ళు. 1989లో మూతపడిన ట్రూమన్ బీరు కర్మాగారంలో ఇప్పుడు దుకాణాలూ, చిత్రప్రదర్శనలూ వెలిశాయి.

నేను మాత్రం ఒక పాత పగతో వెళ్ళాను. కావాలనే పెడన అద్దకపు చొక్కా తొడుక్కున్నాను. బందరు పక్కనున్న పెడన మా అమ్మమ్మగారి ఊరు. కరక్కాయ కషాయంలో నానిన బట్ట వాసన నా బాల్యపు వాసన.

ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో మన తీరానికి వచ్చింది. పెటపోలి అని వారు పిలిచిన నిజాంపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టింది. చిరివేరు ఎరుపుతో అద్దిన మన నూలుబట్ట ఉతికినకొద్దీ వన్నె తేరేది. పట్టు కంటే చౌక. ఆ శతాబ్దం ముగిసేసరికి లండను ఇల్లాండ్రు దానికి దాసోహమన్నారు. దానితో స్పిటల్‌ఫీల్డ్స్ పట్టునేతగాళ్ళ మగ్గాలకు పని తగ్గింది. వారి ఆందోళన ఫలితంగా భారతదేశపు అద్దకం బట్టల దిగుమతిని నిషేధిస్తూ 1700లో పార్లమెంటు చట్టం చేసింది. అదీ చాలలేదు. 1719 వేసవిలో నేతగాళ్ళు వీధులలోకి వచ్చి, అద్దకం గౌనులు కనబడితే ఆడవారి ఒంటిమీదనే చింపివేశారు. సిరా చల్లారు, ఆమ్లం పోశారు. 1721లో ఆ బట్టలు ధరించడమే నేరమైంది. ఆ శాసనం 1774 దాకా సాగింది.

చదివినప్పుడల్లా ఒళ్ళు మండే చరిత్ర ఇది. అయితే బ్రిక్ లేన్ పక్కనున్న ఫోర్నియర్ వీధిలో నిలబడి తలెత్తి చూసినప్పుడు ఆ మంట కొంత చల్లారింది. 1720లలో కట్టిన ఆ ఇళ్ళ పై అటకలకు గోడ పొడవునా కిటికీలున్నాయి. మగ్గం మీద వెలుతురు పడడానికి పెట్టుకున్నవి. వెలుతురు కోసం నేతగాడు పడే తాపత్రయం నాకు కొత్త కాదు.

ఆ మగ్గాలు తెచ్చినవారెవరు? 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ నాంత్ శాసనాన్ని రద్దు చేయగా, మతం కోసం దేశం విడిచి పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లు. చేతిలో విద్య తప్ప చాలామందికి మరేమీ లేదు. అటువంటి శరణార్థులకు నీడనిచ్చిన పేటే, ముప్పయి నాలుగేళ్ళు తిరగకుండా, సముద్రం దాటి వచ్చిన బట్టను తరిమికొట్టింది. ఆకలి భయం ఎవరినీ విడిచిపెట్టదు కాబోలు.

వీధి మలుపులో వారు కట్టుకున్న ప్రార్థనామందిరం ఉంది. గోడమీది నీడగడియారంపై 1743 అనే అంకె, మనం నీడలమేనన్న అర్థం గల లాటిన్ మాట చెక్కి ఉన్నాయి. 1819లో అది మెథడిస్టుల చర్చి అయింది. 1881 తరువాత రష్యా సామ్రాజ్యంలో జరిగిన ఊచకోతలను తప్పించుకుని వచ్చిన యూదులు ఈ పేటలో దర్జీపని చేసుకుని బ్రతికారు. 1898లో ఆ మందిరం వారి సినగాగు అయింది. తరువాత సిల్హెట్ ప్రాంతపు బెంగాలీ ముస్లిములు వచ్చారు. 1976 నుంచి అది మసీదు. గోడలు అవే, ప్రార్థనలు మారాయి. వచ్చినవారిని ద్వేషించడం మాత్రం మారలేదు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువ బట్టల కార్మికుణ్ణి జాతిద్వేషంతో ఈ దాపులనే పొడిచి చంపారు. పది రోజులకు వేలమంది శవపేటిక వెంట ప్రధాని నివాసం దాకా నడిచారు. నేడు సమీపంలోని ఉద్యానానికి ఆయన పేరే ఉంది.

ఇప్పుడు ఈ పేటనుంచి జనాన్ని తరుముతున్నది అద్దె. 2000ల నడుమ అరవై దాకా ఉన్న బంగ్లా హోటళ్ళు 2020 నాటికి 23 మిగిలాయి.

ఇక పగ సంగతి. నిజానికి 1721 శాసనం బందరును చంపలేదు. మన అద్దకాలు పర్షియాకూ, తూర్పు దీవులకూ పోతూనే ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో లాంకషైరు మిల్లు బట్ట వచ్చి మన నేతను కూలదోసింది. ఆ శతాబ్దంలోనే, 1826లో విదేశీ పట్టుపై నిషేధం ఎత్తివేశాక, 1860లో ఫ్రాన్సుతో ఒప్పందం కుదిరాక, స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గమూ మూగవోయింది. శత్రువులనుకున్న ఇద్దరూ ఒకే కాలంలో దివాలా తీశారు.

మధ్యాహ్నం ఒక బంగ్లా హోటలులో భోంచేశాను. బిల్లు తెచ్చిన పెద్దాయన నా చొక్కా అంచు వేళ్ళతో నలిపి చూశాడు. కుర్రతనంలో ఈ వీధిలోనే కుట్టుపని చేశాడట.

"ఎక్కడి బట్ట?" అన్నాడు.

"బందరు" అన్నాను.

ఆయనకా ఊరు తెలియదు. "మంచి పనితనం" అని వెళ్ళిపోయాడు. మూడువందల ఏళ్ళ క్రితం ఇదే వీధిలో ఇటువంటి బట్ట కట్టిన ఆడమనిషి భయపడుతూ నడిచి ఉంటుంది. నేను కాఫీ కూడా తాగి నింపాదిగా బయటికి నడిచాను.