ధాత కరువులో ధాన్యపు దారి: రైలు, ఎద్దుబండి, కూలి (1876–78)

మద్రాసు రాజధానిని పీడించిన 1876–78 నాటి ధాత కరువును చరిత్రకారులు ప్రధానంగా వర్షాభావానికీ వలస ప్రభుత్వ విధానానికీ ముడిపెట్టి వివరిస్తారు. ఈ రెండింటితోపాటు ధాన్యం నడిచిన మార్గంలోని అవరోధాలనూ విడిగా పరిశీలించవలసి ఉంది. ఓడరేవు, రైలు, ఎద్దుబండి, అంగడి అనే భిన్న వ్యవస్థలు వరుసగా ముడిపడినప్పుడు, చివరకు ఎంత ధాన్యం చేరుతుందన్నది వాటిలో అతి ఇరుకైన చోటును బట్టి ఉంటుంది.

మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు వరకు రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది. కరువు కాలంలో బెంగాలు, బర్మాల నుంచి బియ్యం ఓడలలో వచ్చింది. రైలు దానినంతటినీ వెంటనే తరలించలేకపోవడంతో మద్రాసు తీరాన బస్తాలు గుట్టలు పడ్డాయి. ఇది మొదటి అవరోధం.

రెండవది స్టేషను దాటాక ఎదురైంది. అక్కడి నుంచి పల్లెలకు ఎద్దుబండే ఆధారం. కర్నూలు పట్టణానికి అప్పటికి రైలే లేదు. మేత, నీరు లేక పశువులు చనిపోయాయి. పంటను ఎండగట్టిన అనావృష్టే ధాన్యాన్ని మోయవలసిన ఎద్దులనూ హరించింది.

మూడవది కొనుగోలు శక్తి. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయక పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యపు ఖరీదుకూ ఒక అణాకూ పరిమితం చేశాడు. శానిటరీ కమిషనర్ కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. అదే సంవత్సరం కూలి పెంచక తప్పలేదు. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. రైలు సాగిన బళ్లారి జిల్లా సైతం భారీ నష్టాన్ని తప్పించుకోలేదు. రైలు ఒక్కటే ప్రాణరక్షణకు చాలదని దీనివల్ల తెలుస్తుంది.

అయినా 1880 నాటి కరువు కమిషన్ రక్షణ రైలుమార్గాలకు ప్రాధాన్యమిచ్చింది. అనంతరం గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వైపు వేసిన మార్గం మీటర్ గేజి. మద్రాసు–రాయచూరు మార్గం బ్రాడ్ గేజి. కృష్ణా డెల్టా ధాన్యానికి దారి తెరుచుకున్నా, బ్రాడ్ గేజిపై ముందుకు సాగవలసిన సరుకును గుంతకల్లులో దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. ఈ గేజి భేదం 1990ల దశకం వరకు కొనసాగింది. ఇరుకు తొలగిపోలేదు, మరొక చోటికి జరిగింది.

కాబట్టి రైలు మోసిన టన్నుల లెక్కతోనే కరువు సహాయాన్ని అంచనా వేయడం పొరపాటు. గింజ పల్లెకు చేరిందా, చేరినా దానిని కొనే శక్తి కూలివానికి ఉండెనా అన్నదే అసలు కొలమానం.