గోల్ఫు బడి – బ్రతుకుతెరువు



గోల్ఫు అను ఆట మన పల్లెలకు క్రొత్త గాని, దేశమునకు క్రొత్త కాదు. కలకత్తాలో 1829వ సంవత్సరముననే యీ యాటకై యొక సంఘ మేర్పడినది. విశాలమైన పచ్చికబయలున వరుసగా నున్న 18 గుంటలలో చిన్న బంతిని, సాధ్యమైనన్ని తక్కువ దెబ్బలతో, కఱ్ఱతో గొట్టి పడవేయుటయే యీ క్రీడ. దీనిని బ్రతుకుతెరువుగా నేర్పు బడులు నేడు గలవు. అట్టి బడికి సొమ్ము గట్టి మనుమని బంపవచ్చునా యను ప్రశ్న గలిగినప్పుడు, ఆ వృత్తి చరిత్రమే మనకు దారి చూపగలదని నా తలంపు.

స్కాట్లండు దేశమున సెయింట్ ఆండ్రూస్ పట్టణమందు ఆలన్ రాబర్ట్‌సన్ అను నేర్పరి యుండెను. ఉడికించిన యీకలను తోలుతిత్తిలో గూరి బంతులు చేయుట యాతని జీవనము. టామ్ మారిస్ అను బాలు డాతని కడ శిష్యుడై పని నేర్చెను. ఆనాడు గురువు దుకాణమే బడి. 1848 ప్రాంతమున మలయా చెట్ల పాలతో జేసిన గట్టి బంతులు, మిక్కిలి చౌకయైనవి, వచ్చిపడెను. గురువునకు వానిపై కోపము. శిష్యుడు వానితో నాడెను. అందుపై నిరువురును విడిపోయిరి. కొలది యేండ్లలోనే యీకల బంతి మూలబడెను.

మారిస్ మాత్రము చెడలేదు. ఏలయన నాతడు బంతులు చేయుటయే గాక, కఱ్ఱలు చేయుట, పచ్చిక పెంచుట, ఆట నేర్పుట యెఱిగియుండెను. 1851లో ప్రెస్ట్‌విక్ మైదానపు పాలకుడయ్యెను. 1864లో ఓపెన్ పోటీ గెలిచినందు కాతనికి లభించిన బహుమానము 6 పౌనులు. ఆ యేటనే సెయింట్ ఆండ్రూస్ వారు మైదానమును కాపాడుట కాతనికి నిర్ణయించిన జీతము సాలుకు 50 పౌనులు. గెలుపు కీర్తి నిచ్చెను. పచ్చిక కూడు పెట్టెను.

పిమ్మట నీ వృత్తివారు బ్రిటనునందు 1901లోను, అమెరికాయందు 1916లోను సంఘములుగా నేర్పడిరి. 1975లో మిచిగన్ రాష్ట్రమందలి ఫెర్రిస్ స్టేట్ కళాశాల యీ విద్యకు పట్టపు చదువు నేర్పఱచెను. అందు వ్యాపారము నేర్చుటయు, మైదానములలో అనుభవజ్ఞుల క్రింద నెలల తరబడి పనిచేయుటయు చదువులో భాగమే.

అన్ని బడులును నిలువలేదు. 1974లో శాండియాగోలో పుట్టి, గోల్ఫ్ అకాడమీ ఆఫ్ అమెరికా యను పేర బెరిగిన విద్యాలయము, దాని యాజమాన్యసంస్థ కూలగా 2018 డిసెంబరులో మూతపడెను. నడుమ చదువులో నున్న విద్యార్థులు దిక్కు తోచక నిలిచిరి.

కావున నా యభిప్రాయ మిది. కుఱ్ఱవాడు బాగుగా నాడుచున్నాడని మాత్రమే బడికి బంపరాదు. పోటీలలో గెలిచి బ్రతుకువారు బహుకొలది. ఆ బడి పచ్చిక పెంపకము, లెక్కలు, బోధనము నేర్పునా? పనివాని చెంత పని చేయించునా? బడి మూతపడినను దాని పట్టమును పరు లంగీకరింతురా? ఇవి విచారించి, సరియైన యుత్తరములు దొరకినచో సంతోషముగా బంపుడు. దొరకనిచో, ఆ సొమ్ము గట్టకముందే యేదైన మైదానమున నొక సంవత్సరము పనికి గుదుర్పుడు. సూర్యోదయమునకు ముందే లేచి మంచుపచ్చికపై నడచుట వానికి కష్టముగా దోచనిచో, అప్పు డా విద్య వానికి దగినదే యని నమ్మవచ్చును.