టీవీ కోర్టు, అసలు కోర్టు



టీవీలో కోర్టు సీను వచ్చిందంటే వంటింట్లో ఉన్నవాళ్ళం కూడా గరిటె పక్కన పెట్టి వచ్చి నిలబడతాం. జడ్జిగారు సుత్తి కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అంటారు. బోనెక్కిన భార్యను వకీలు పడకగది సంగతులు అడుగుతాడు. హాలంతా గొల్లుమంటుంది. మనమూ నవ్వుతాం. హాస్యానికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాల్సిందే.

అయితే మా కేతేపల్లిలో నాకు వదిన వరసయ్యే ఒకామె, భర్త వదిలేసి అయిదేళ్ళయినా కోర్టు గడప తొక్కలేదు. ఎందుకు వదినా అంటే, "గట్ల పదిమంది ముందర నిలబెట్టి సంసారం సంగతులు అడుగుతరట గద! టీవీల చూస్తలేమా?" అంది. నాకు నవ్వు రాలేదు.

కోర్టును చూసి నవ్వడం మనకు కొత్తేమీ కాదు. గురజాడవారు 1909లో పెంచి రాసి అచ్చువేసిన కన్యాశుల్కం చూడండి. ఆడపిల్ల వేషంలో పెళ్ళికూతురై వచ్చిన కుర్రవాడు మాయమైతే, పెళ్ళాన్ని చంపాడని లుబ్ధావధాన్లు మీదికి ఖూనీ కేసు వస్తుంది. లేని పిల్లకు ఖూనీ ఏమిటి? అది హాస్యం తీసుకున్న స్వేచ్ఛ. కానీ పోలీసులంటే ఆ ముసలాయన హడలు, మధ్యవాళ్ళు డబ్బు గుంజే తీరు, డిప్యూటీ కలెక్టరే మేజిస్ట్రేటుగా కూర్చోవడం అన్నీ ఆనాటి నిజాలే. మన నల్లగొండ వైపు అప్పుడు నిజాం రాజ్యం. కోర్టు భాష ఉర్దూ. తన కేసులో ఏం రాశారో తెలుగు ఆడమనిషికి చదివి చెప్పేవాళ్ళే కరువు.

ఇక ఈనాటి టీవీకి వద్దాం. మన జడ్జీలు సుత్తి వాడరు. సాక్షి గీత మీద చెయ్యి వేయనక్కర్లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి సాక్షిగానో, ఆత్మసాక్షిగానో నిజం చెబుతానంటే చాలు. ఇవి చిన్న తప్పులు. పెద్ద తప్పు ఆ నిండు హాలు. హిందూ వివాహ చట్టాన్ని 1976లో సవరించి, ఆ చట్టం కింద నడిచే విచారణలు తలుపులు మూసి జరపాలన్నారు. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం, ఏ మతంవారైనా సరే, ఇద్దరిలో ఒక్కరు కోరినా అక్కడ విచారణ ఏకాంతంగానే జరపాలి. వకీలు ఫీజు బెంగా అక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

గురజాడవారి నవ్వు బెదిరించేవాళ్ళ మీద. టీవీ నవ్వు తరచు బోనులో బెదిరిపోయిన ఆడమనిషి మీద. తేడా అదే.

ఇదంతా చెబితే వదిన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తలుపులు నిజంగ మూస్తరా?" అని మళ్ళీ అడిగింది. మూస్తారన్నాను. సోమవారం ఇద్దరం కలిసి నల్లగొండ బస్సెక్కాం.

మీ ఇంటి పక్కనా ఇలాంటి వదిన ఉండవచ్చు. ఈసారి సీరియల్ అయ్యాక ఆమెకీ సంగతి చెప్పండి. సెలవు.