దొర అడిగింది మమ్మల్ని, జవాబు చెప్పింది ఊరు



బాపట్లలో చదువుకునే రోజుల్లో, మెస్‌లో అన్నం తింటుంటే ఒకడు నవ్వుతూ అన్నాడు: "మీ తాతలు గోధుమ నూకకీ పాలపొడికీ మారినోళ్లేగా." నాకు జవాబు తోచలేదు. ఆ మాట మన పిల్లలకి ఇప్పటికీ ఎదురవుతూనే ఉంది. ఈ భాగం ఆ మాట గురించే. మతం మంచిచెడ్డల జోలికి వెళ్లను. కరువో ఉప్పెనో వచ్చిపడినప్పుడు మన గడ్డ మీద ఉన్న పరాయి దేశపు మనుషులు ఏం చేశారు, ఎవరి చేతుల మీదుగా చేశారు, అంతవరకే.

ముందు మా నాయనమ్మ చెప్పిన సంగతి.

మా పల్లె రేపల్లెకి దిగువన, సముద్రం వైపు. 1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన అని పేరు పడింది గానీ, ఆ అల రేపల్లె, బాపట్ల తాలూకాల్ని కూడా తొక్కింది. నిజాంపట్నం వైపు అడిగి చూడండి, చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. పదిహేను అడుగులకి పైన లేచిన నీళ్లు. చచ్చిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే 10,000 పైన. డెల్టాలో వరి కోతకొచ్చే కాలం. పక్క ప్రాంతాల నుంచి కూలికొచ్చి చేల గట్ల మీద పాకలేసుకున్నవాళ్లు ఏ ఊరి లెక్కలోకి వస్తారు? ఊళ్లో మిద్దెలున్నాయి, మిద్దెల మీదకి ఎక్కారు. పల్లెలో ఉన్నది తాటాకు.

నాలుగో రోజో అయిదో రోజో తెనాలి మీదుగా ఒక తెల్లదొర వచ్చాడంట. ఏ దేశమో, ఏ సంస్థో నాయనమ్మకి తెలీదు. మోకాలి దాకా బురదలో నడిచొచ్చాడని మాత్రం చెప్పేది. పల్లె ముందు నిలబడి, మావాళ్ల మొహాల్లోకి చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. కూడా వచ్చిన ఊరి పెద్దమనిషి ఒకాయన దాన్ని తెలుగులో చెప్పాడు: "మీకేం కావాలని అడుగుతున్నాడు." మావాళ్లు నోరు తెరిచేలోపే ఆయనే దొర వైపు తిరిగి జవాబు కూడా చెప్పేశాడు. దొర తలూపి కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు. పది రోజులకి దుప్పట్లు వచ్చాయి. అవి ఎక్కడ దిగాయో, ఎవరి అరుగు మీద పంచారో నేను చెప్పక్కర్లేదు.

ఈ కథ నేను చాలాసార్లు విన్నాను. చరిత్ర చదవడం మొదలుపెట్టాకే దీని అర్థం తెలిసింది.

1864 నవంబర్ 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. దాదాపు 30,000 మంది పోయారు. అప్పటికి రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ ఇరవై ఏళ్లకి పైగా బందర్లోనే ఉంటున్నాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, బడే లోకం. నోబుల్ కాలేజీకి ఆ పేరు ఆయనదే. కానీ ఆ బడి పైకులాల పిల్లల కోసం పెట్టిన బడి. మనవాళ్లని చేర్చుకుంటే వాళ్లు పోతారన్న భయంతో మన పిల్లలకి తలుపు తియ్యలేదు. ఉప్పెన వచ్చిన ఏడాదికి, 1865లో, ఆయన అక్కడే చనిపోయాడు. త్యాగానికి వంక పెట్టను. కానీ ఇరవై ఏళ్లున్నా ఆయన తలుపు పల్లె వైపు తెరుచుకోలేదు.

ఇంకొకాయన జాన్ క్లవ్. అమెరికన్ బాప్టిస్టు. 1866లో ఒంగోలు చేరాడు. ఆయన బడిలోనూ ఇదే పేచీ వచ్చింది: మాదిగలు వస్తే మేం రామని పైకులాల పిల్లలు వెళ్లిపోయారు. క్లవ్ వాళ్లని పోనిచ్చాడు. పదేళ్ల తర్వాత ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

1876–78, మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే కరువు. మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చచ్చిపోయారు. సర్కారు పని చూపించిందిలెండి. 1877లో రిచర్డ్ టెంపుల్ దొర రోజుకి ఒక పౌను ధాన్యం విలువ, పైన కాస్త డబ్బు, ఇంతే కూలిగా చాలన్నాడు. ఆ కరువు పనుల్లోదే బకింగ్‌హామ్ కాలవ. చీరాల దగ్గర పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలవతో కలిసేది ఇదే. మన తాతల ఎముకల మీద పడవలు నడిచాయని నేనంటే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

ఆ పనికి వెళ్లిన మాదిగల్ని ఓవర్సీర్లు వేధిస్తున్నారని క్లవ్‌కి తెలిసింది. వెళ్లి చెప్పినవాళ్లు ఆయన బోధకులే, మాదిగలే. మధ్యలో దుబాసీ లేడు, క్లవ్‌కి తెలుగొచ్చు. చిన్న వయసులో అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు కాబట్టి కొలతా వచ్చు. మూడున్నర మైళ్ల కాలవ తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. తన మాదిగ బోధకుల్ని పని మీద ఓవర్సీర్లుగా పెట్టాడు. ఒక్క నిమిషం ఆగి ఊహించండి: 1877లో కొలబద్ద మాదిగ చేతిలో ఉంది, కూలి లెక్క మాదిగ చెబుతున్నాడు. నాకైతే ఈ కథ మొత్తంలో అసలు విప్లవం ఇదే. ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు దీన్ని నాలుగు ముక్కల్లో దాటేసి బాప్తిస్మాల లెక్క దగ్గరికి పరిగెత్తుతారు.

సరే, ఆ లెక్కా చూద్దాం. కరువు సాయం నడిచినన్నాళ్లు, ఏడాదికి పైగా, క్లవ్ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని. సాయం అయిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మెస్‌లో నన్ను నవ్విన మిత్రుడా, నూక అయిపోయాకే వచ్చారు. ఒకవేళ నూక కోసమే వచ్చారనుకో, ఆకలికి సిగ్గు పడాల్సింది తిన్నవాడా, గాదె తియ్యనివాడా?

దొరలందర్నీ దేవుళ్లని చెయ్యడం నా ఉద్దేశం కాదు. బాపట్లకీ చీరాలకీ మధ్య స్టువర్టుపురం ఉంది. నేరస్త తెగలని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల్ని 1913 నుంచి అక్కడ కాపలా పెట్టి ఉంచిన సెటిల్‌మెంటుని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. బాపట్లలో కుష్ఠు రోగులకి ఆసుపత్రి పెట్టిందీ వాళ్లే. రెండూ నిజమే, రెండూ రాసుకోవాలి.

మళ్లీ 1977. ఉప్పెన నాటికి గుంటూరు జిల్లాలో ఫాదర్ మైకేల్ విండే ఉన్నారు. బెల్జియం జెసూట్. 1969 మే తుఫాను తర్వాత ఇటు వచ్చి, పల్లెల్ని మళ్లీ కట్టే పనికి విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్ పెట్టారు. ఆయన కొత్తగా దిగిన దొర కాదు. ఎనిమిదేళ్లుగా పల్లెల్లో తిరుగుతున్న మనిషికి పల్లెలో ఎవర్ని అడగాలో తెలుసు. ఆ తేడా చిన్నది కాదు.

పరిశోధకులూ వచ్చారు. అమెరికన్ ప్రొఫెసర్ స్టీఫెన్ కోహెన్, మన సి.వి. రాఘవులు కలిసి ఈ ఉప్పెన మీద 1979లో పుస్తకం వేశారు. పీటర్ వించెస్టర్ అనే ఇంగ్లండు పరిశోధకుడు 1977 నుంచి 1988 దాకా కృష్ణా డెల్టాలో ఎవరు కోలుకున్నారో, ఎవరు కోలుకోలేదో చూసి 1992లో పుస్తకం తెచ్చాడు. భూమీ అప్పు పుట్టే దారీ ఉన్నవాడు లేచాడు, లేనివాడు అక్కడే ఉండిపోయాడు, షెల్టర్లు కట్టినంత మాత్రాన అది మారదు. ఆయన చెప్పింది స్థూలంగా ఇదే. విద్యార్థి మిత్రులు లైబ్రరీలో వెతికి చదవండి. తెలుగులోకి తెచ్చే పని ఎవరైనా తలకెత్తుకుంటే నేనూ కూర్చుంటాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. పోకముందు ఒకసారి అడిగాను, "ఆ రోజు దొర నిన్నే అడిగుంటే ఏం చెప్పేదానివే?" అని.

తడుముకోలేదు. "దుప్పట్లు ఎవరికి కావాలిరా? చెరువంతా ఉప్పునీళ్లు. ఊళ్లో బావి దగ్గర మమ్మల్ని కడవ దించనియ్యలేదు. మా వైపు ఒక బావి తవ్వించు దొరా అనేదాన్ని. తవ్వేది కూడా మేమే తవ్వేవాళ్లం, కూలిస్తే చాలు."