ముట్లుడిగే వయస్సు – మెదడు ధమని ఉబ్బు: ఆంధ్ర స్త్రీల ఆరోగ్య చరిత్రలో ఒక కోణం

మెదడులోని ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడాన్ని వైద్యపరిభాషలో ఎన్యూరిజం అంటారు. అది పగిలితే మెదడు చుట్టూ రక్తస్రావమై ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఈ వ్యాధిని గురించిన అవగాహన మారిన తీరును, ఆంధ్ర స్త్రీల గర్భసంచి శస్త్రచికిత్సల చరిత్రతో కలిపి చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధంలో ఈ ఉబ్బును ప్రధానంగా పుట్టుకతో వచ్చిన గోడలోపంగా భావించారు. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ ఉబ్బు మెడకు వెండి క్లిప్పు బిగించి చికిత్సకు దారి చూపాడు. 1978లో జపాన్‌కు చెందిన నొబువో హాషిమోటో బృందం ఎలుకలలో ప్రయోగపూర్వకంగా ఉబ్బును పుట్టించింది. జన్మతః లోపం లేకున్నా ఈ వ్యాధి ఏర్పడగలదని దానివల్ల తేలింది. తరువాతి ప్రయోగాలలో అండాశయాలు తొలగించిన ఆడ ఎలుకలలో ఉబ్బులు అధికంగా కనిపించాయి.

దీనికి కారణం ఈస్ట్రోజెన్ లోటు. ఈ హార్మోన్ ధమని లోపొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడ్పడుతుంది, శోథను అదుపులో ఉంచుతుంది. అది తగ్గినప్పుడు మాక్రోఫేజ్ కణాలు గోడలోకి చేరి, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను విడుదల చేస్తాయి. గోడ పలచబడుతుంది. రక్తపోటు, పొగతాగడం ఆ నష్టాన్ని పెంచుతాయి. యాభై ఏళ్లు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి పురుషులకంటే ఎక్కువగా కనబడటానికి ఇదొక ముఖ్య వివరణ.

పామర్రు వంటి డెల్టా ప్రాంతాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 'ముట్లుడుగు' అన్న క్రియలో క్రమంగా తగ్గిపోవడమనే అర్థం ఉంది. 'గర్భసంచి తీయించుకొను' అన్న వాడుకలో ఒక తేదీ, ఒక నిర్ణయం ఉన్నాయి. అయితే ఆ వాడుక అండాశయాల మాట చెప్పదు. అవి మిగిలితే హార్మోన్లు వెంటనే ఆగవు. వాటినీ తొలగిస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది.

ఈ శస్త్రచికిత్స జరిగిన ప్రతి స్త్రీకీ ధమని ఉబ్బు వస్తుందని దీని అర్థం కాదు. అనవసర తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. దానితోపాటు, ఏ వయస్సులో ఏ అవయవం తొలగించారన్న వివరం స్త్రీ ఆరోగ్యపత్రంలో నమోదు కావాలి. తీవ్రమైన తలనొప్పితో ఆసుపత్రికి వచ్చిన స్త్రీని పరీక్షించే వైద్యునికి ఆ ఒక్క వాక్యమే ఆమె చరిత్రను అందిస్తుంది.