గడ్డి మిషను పుట్టిన కథ, దాని జబ్బులు

మొన్న పక్క పొలం తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో గడ్డి కోసే మిషను కొనుక్కొచ్చాడు. "అన్నా, స్టార్ట్ అవుతోంది గానీ రేజ్ చేస్తే ఆగిపోతోంది, ఒకసారి చూడు" అన్నాడు. ఈ మిషను ఎట్లా పుట్టిందో తెలిస్తే దాని జబ్బులు సగం మనకే అర్థమవుతాయి. అందుకే రాస్తున్నాను.

ముందు దారం సంగతి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అనే ఆయన 1971లో కార్లు కడిగేచోట గిరగిరా తిరిగే బ్రష్షులు చూశాడు. కారుకి దెబ్బ తగలకుండా మురికి పోతోంది కదా, చెట్టు బెరడుకి దెబ్బ తగలకుండా మొదట్లో గడ్డి ఎందుకు పోదు అనుకున్నాడు. ఖాళీ డబ్బాకి బెజ్జాలు పెట్టి, గాలానికి కట్టే నైలాన్ తీగ దూర్చి తిప్పాడు. గడ్డి తెగింది. దానికి వీడ్ ఈటర్ అని పేరు పెట్టి అమ్మాడు. 1977లో ఆ కంపెనీని ఎమర్సన్ ఎలక్ట్రిక్ కొనేసింది.

ఇంజను కథ ఇంకా పాతది. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్ళో జోసెఫ్ డే, ఆయన దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్ 1890ల మొదట్లో దీనికి రూపం తెచ్చారు. వాల్వులు లేవు. పిస్టనే పైకీ కిందికీ ఆడుతూ సిలిండరు గోడలోని దారులు తెరుస్తుంది, మూస్తుంది. పెట్రోలు, గాలి ముందు కింద క్రాంకు గదిలోకి పోయి, అక్కణ్ణించి పైకి ఎక్కుతాయి. అందుకని ఆ గదిలో వేరే ఆయిల్ నిలవపెట్టే వీల్లేదు, పెట్రోల్లోనే కలపాలి. లూనా, టీవీఎస్ ఫిఫ్టీ రోజుల్లో మనమంతా బంకులో ఆయిల్ కలిపించుకున్నవాళ్ళమే.

ఇప్పటి పిల్లలకి ఆ అలవాటు లేదు. రెండేళ్ళ కిందట మా అబ్బాయి తొందర్లో ఉత్త పెట్రోలు పోసి కోశాడు. కాసేపటికే పిస్టన్ పట్టేసింది. వాణ్ణి తిట్టాను. తర్వాత ఆలోచిస్తే, చెప్పనిది నేనే. ఆ సీజనంతా కూలీలకి ఇచ్చి కోయించాల్సి వచ్చింది.

అందుకే పాత మిషను కొనేముందు సైలెన్సర్ విప్పి, ఆ దారిలోంచి పిస్టన్ చూడండి. నిలువు గీతలు లోతుగా ఉంటే బేరం వదిలేయండి. ఆ దారిలో నల్ల మసి పేరుకుంటే పొగ బయటికి పోలేక బలం తగ్గుతుంది. అది గీకితే పోతుంది. అయితే పిస్టన్‌కి గీత పడకుండా పుల్లతో గీకండి.

తమ్ముడి మిషను పిస్టన్ నున్నగా ఉంది. జబ్బు పెట్రోలు పైపుది. బీట పడి గాలి లాగుతోంది, ట్యాంకులో ఫిల్టరు కూడా బంకపట్టింది. రెండూ మార్చాక రేజ్‌కి నిలబడింది. అప్పటికీ నిలబడకపోతే కార్బొరేటర్‌లోని పల్చటి రబ్బరు పొర గట్టిపడిందేమో చూడాలి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, చెమ్మ పీల్చుకుంటుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా తిప్పి దాచండి.

కంపెనీ 25కి 1 అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, 50కి 1 అంటే 20. మీ మిషనుకి ఏది చెప్పారో దాని మీదే రాసుకోండి. మీరు లేనప్పుడు మిషను పట్టుకునేది మీ పిల్లలే.