వేల రక్త నమూనాలు, ఒకే కొలబద్ద

1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో, వదిలేసిన ఒక క్యాన్సర్ చికిత్సా కేంద్రం నుంచి సీజియం-137 ఉన్న యంత్రభాగాన్ని ఎత్తుకెళ్లి పాత సామాన్ల దుకాణానికి అమ్మారు. నలుగురు చనిపోయారు. ఆ తర్వాత సుమారు 1,12,000 మందిని పరికరాలతో పరీక్షించగా 249 మందికి సీజియం అంటినట్టు తేలింది. క్రోమోజోమ్ పరీక్షతో మోతాదు అంచనా కట్టింది మాత్రం 129 మందికే.

ఈ అంతరాన్ని జాగ్రత్తగా చూడాలి. ఒంటికి అంటిన రేడియోధార్మిక ధూళిని గీగర్ కౌంటర్ అక్కడికక్కడే పట్టిస్తుంది. బయటినుంచి గామా కిరణాలు శరీరం గుండా దూసుకుపోతే మాత్రం కౌంటర్‌కు దొరికేది ఏమీ మిగలదు. ఎంత మోతాదు తగిలిందో అప్పుడు రక్తమే చెప్పాలి.

రక్తంలోని లింఫోసైట్లను సుమారు 48 గంటలు పెంచి, విభజన మధ్యలో ఆపి, స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మామూలు క్రోమోజోమ్‌కు నడుము నొక్కు ఒకటే ఉంటుంది. రేడియేషన్‌కు తెగిన రెండు క్రోమోజోములు తప్పుగా అతుక్కుంటే రెండు నొక్కులున్న డైసెంట్రిక్ పుడుతుంది. రేడియేషన్ తగలనివారిలో ఇది వెయ్యి కణాలకు ఒకటి కనిపించడమే ఎక్కువ. అందుకే ఈ పరీక్షకు అంత విలువ.

ఇబ్బందల్లా లెక్కపెట్టడంలోనే. కచ్చితమైన అంచనాకు 500 నుంచి 1000 కణాలు చూడాలి. ఒక్క మనిషి నమూనాకే నిపుణుల రోజులు ఖర్చవుతాయి. వందలమంది వరుసలో ఉన్నప్పుడు 50 కణాలతో సరిపెడతారు. గామా కిరణాలు 1 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) తగిలితే 100 కణాల్లో సుమారు 7 డైసెంట్రిక్‌లు వస్తాయనుకుందాం. 50 కణాల్లో 3 కనిపిస్తే అంచనా 1 గ్రే దరిదాపుల్లో ఉంటుంది. గణాంకాల ప్రకారం అసలు మోతాదు మాత్రం 0.3 నుంచి 1.7 గ్రేల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఎవరిని వెంటనే ఆసుపత్రిలో చేర్చాలో, ఎవరిని ఇంటికి పంపవచ్చో తేల్చడానికి ఇది చాలు. అంతకుమించి చెప్పలేదు.

ఒక్క ల్యాబ్ చేతుల్లో ఇమిడే పని కాదు కనుకే దేశాల మధ్య ల్యాబులు జట్టుకట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు బయోడోస్‌నెట్ అనే ల్యాబుల జట్టు ఉంది. ఐరోపాలో రెనెబ్ అనే జట్టు 2012లో మొదలైంది. స్లైడ్ల ఫొటోలను ఇంటర్నెట్‌లో పంచుకుని ఎక్కడివారక్కడే లెక్కపెట్టే పద్ధతీ ఉంది. ఈ సహకారంలో పని పంచుకోవడం కన్నా కొలత కలవడం ముఖ్యమని నా అభిప్రాయం. ఒకే మోతాదుకు ఎక్స్‌రేలు కోబాల్ట్-60 గామా కిరణాల కన్నా ఎక్కువ డైసెంట్రిక్‌లను పుట్టిస్తాయి. ఎక్స్‌రే తగిలిన రక్తాన్ని గామా ప్రమాణరేఖతో (ఏ మోతాదుకు ఎన్ని డైసెంట్రిక్‌లు వస్తాయో చూపే గీతతో) పోల్చిన ల్యాబ్, లెక్కింపులో ఏ పొరపాటూ చేయకుండానే, ఉన్నదానికన్నా ఎక్కువ మోతాదు చెబుతుంది. 2021లో రెనెబ్ జరిపిన ఉమ్మడి పరీక్షలో ఎక్స్‌రేలు తగిలించిన రక్తాన్ని, మోతాదు చెప్పకుండా ల్యాబులకు పంపారు. ప్రమాణరేఖ ఎంపిక ఎంత తేడా తెస్తుందో అక్కడ తేటతెల్లమైంది. ఇలాంటి తేడాలు ప్రమాదం జరిగాక సర్దుకునేవి కావు.

నమూనా ప్రయాణం కూడా చిన్న విషయం కాదు. గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన రక్తాన్ని గది ఉష్ణోగ్రతలో ఉంచి పంపాలి. విమానాశ్రయంలో ఎక్స్‌రే స్కానర్ గుండా పోనివ్వవద్దని పెట్టె మీద రాస్తారు. దారిలో రేడియేషన్ తగిలిందా లేదా అని తేల్చడానికి లోపల ఒక డోసీమీటర్ కూడా పెడతారు.

మన దేశానికీ ఇది దూరపు సంగతి కాదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో, ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత పరికరంలోని కోబాల్ట్-60 వల్ల ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఆ సంఖ్య కొద్ది ల్యాబులకు అందేదే. వేలమంది వస్తే ఈ ల్యాబుల జట్లు తట్టుకుంటాయనడానికి మన చేతిలో ఉన్న సాక్ష్యం ప్రధానంగా ఉమ్మడి పరీక్షలదే. వాటిలో చాలావరకు పరీక్షనాళికలోని రక్తమంతటికీ ఒకే మోతాదు తగిలిస్తారు. ప్రమాదంలో చిక్కుకున్న మనిషికి చేతికి ఎక్కువ, వీపుకు తక్కువ తగలవచ్చు. అలాంటప్పుడు దెబ్బతిన్న కణాలు, దెబ్బతినని కణాలు రక్తంలో కలగలిసిపోతాయి. సగటు తీస్తే అసలు తీవ్రత మరుగునపడుతుంది. రేడియేషన్ తగిలిన రక్తాన్ని, తగలని రక్తంతో వేర్వేరు పాళ్లలో కలిపి ల్యాబులకు పంపడం కష్టమేమీ కాదు. ఉమ్మడి పరీక్షల్లో అలాంటి నమూనాలకు ఇంకా ఎక్కువ చోటివ్వాలి.